నా మాత్ర నాకే

తలనొప్పి వచ్చేముందు నాకు వెలుగు కనిపిస్తుంది. ఎడమ కంటి మూలన చిన్న మెరుపు పుడుతుంది. రంపం పళ్లలాంటి అంచుతో మెలికలు తిరుగుతూ పెరిగి, పావుగంటలో చూపులో సగాన్ని కప్పేస్తుంది. మొదటిసారి అది వచ్చిన రోజున నేను లారీ పక్కన నిలబడి, ఎక్కిస్తున్న క్రోటన్ మొక్కల లెక్క చూస్తున్నాను. వరుసకి ఇరవై ఉండాలి. నాకు పదే కనిపిస్తున్నాయి. ఎక్కించేవాళ్ల మీద కేకలేశాను. వాళ్లు పాపం మళ్లీ లెక్కపెట్టి, "ఇరవై ఉన్నాయండి, మీరే చూడండి" అన్నారు. మొహం తిప్పి చూస్తే మిగతా పది కనిపించాయి, ఇందాకటి పది మాయమయ్యాయి. ఇంకో అరగంటకి కణతలో మేకు దిగగొట్టినట్టు నొప్పి మొదలైంది.

అప్పటికి నాకు ముప్ఫై ఏళ్లు. ఇప్పుడు నలభై ఆరు. మాది కడియం పక్కన నాలుగెకరాల నర్సరీ. ఆర్డర్లూ లారీలూ మా ఆయన చూసుకుంటారు. మొక్క మట్టిలో పడ్డ దగ్గర్నుంచి లారీ ఎక్కేదాకా పని నాది. తెగుళ్ల మందు లీటరు నీళ్లకి ఎంత కలపాలో, మళ్లీ ఎన్నాళ్లకి కొట్టాలో, దేనితో ఏది కలిపితే ఆకు మాడుతుందో నాకు నోటికొచ్చు. మొక్కల విషయంలో అంత కచ్చితంగా ఉండేదాన్ని, నా ఒంట్లోకి పోయే మందు విషయంలో మాత్రం పదేళ్లపాటు కళ్లు మూసుకుని నడిచాను. అది చెప్పుకోవడానికి నేనేమీ మొహమాటపడను. నేర్చుకున్నాను, సరిచేసుకున్నాను.

మా అత్తయ్యగారు దాన్ని పార్శ్వం నొప్పి అనేవారు. శొంఠి అరగదీసి పట్టు వేసేవారు, తలకి గుడ్డ బిగించి కట్టేవారు. నేను కిటికీలన్నీ మూసుకుని పడుకునేదాన్ని. నొప్పి ఉన్నంతసేపూ వాసనలు పడేవి కావు. మల్లె మడులు మా ఇంటి వెనకే. మామూలు రోజుల్లో ఆ వాసన కోసం కిటికీ తెరిచే మనిషిని, ఆ రోజుల్లో దాని మూలంగా వాంతి చేసుకునేదాన్ని. ఒక పూట పోయేది, ఒక్కోసారి రెండు రోజులు పోయేవి. మొక్కలకి రెండు రోజులు ఎవరూ లేకపోతే ఏమవుతుందో నాకు తెలుసు కాబట్టి, శొంఠి పట్టు వదిలేసి మెడికల్ షాపుకి వెళ్లాను.

షాపతను మంచివాడే. "తలనొప్పాండి? ఇది వేసుకోండి, చిటికెలో పోద్ది" అని స్ట్రిప్పు కత్తిరించి ఇచ్చాడు. నిజంగానే పోయింది. ఇంకోసారి నొప్పి వచ్చినప్పుడు చీటీ లేకుండానే స్ట్రిప్పు మొత్తం తెచ్చుకున్నాను. కొన్నాళ్లకి నేను గడపలో కనిపించగానే అడక్కుండా తీసి పెట్టేవాడు. మాత్ర చీర కొంగున ముడేసుకుని నర్సరీలోకి వెళ్లడం అలవాటైంది. లోడింగు ఉందంటే నొప్పి రాకముందే ఒకటి వేసుకునేదాన్ని, రాకుండా ఉంటుందని. అలా వారానికోసారి ఉండే నొప్పి వారానికి మూడుసార్లయింది. ఆ తర్వాత పొద్దున్న లేచేసరికే తలలో బరువు ఉండేది. కాఫీతో ఒకటి, మధ్యాహ్నం ఒకటి. మాత్ర వేసుకుంటేనే మామూలు మనిషిని. వేసుకోకపోతే మనిషినే కాను. నొప్పి ముదిరిపోతోందనుకున్నానే తప్ప, మాత్రని అనుమానించలేదు.

నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది మా ఆయనే. విత్తనాల పొట్లాలు పెట్టుకునే డబ్బాలో ఖాళీ స్ట్రిప్పులు చూశారు. "ఇవన్నీ ఎప్పటివే?" అన్నారు. "ఈ నెలవే" అన్నాను. మర్నాడు పొద్దున్నే బండి తీసి, "ఎక్కు, రాజమండ్రి వెళ్దాం" అన్నారు.

నరాల డాక్టరు గారు అరవైకి దగ్గరపడిన ఆవిడ. నెమ్మదిగా మాట్లాడతారు కానీ దేన్నీ వదలరు.

"నొప్పి నెలలో ఎన్ని రోజులుంటుందమ్మా?"

"ఎప్పుడన్నా వస్తుందండి. వారానికోసారి అనుకోండి."

"రోజూ ఉంటుందండి" అన్నారు మా ఆయన పక్కనుంచి.

ఆవిడ నా వైపే చూస్తూ, "మరి మాత్ర ఎన్ని రోజులు వేసుకుంటున్నారు?" అన్నారు.

"నొప్పొస్తేనే వేసుకుంటానండి."

"నొప్పి రోజూ వస్తోందంటున్నారు కదా మీవారు."

ఆవిడ పెన్ను కింద పెట్టారు. "మీకిప్పుడు ఉన్నది రెండు నొప్పులమ్మా. ఒకటి పుట్టుకతో తెచ్చుకున్నది. రెండోది మాత్రలతో తెచ్చుకున్నది. ఈ మాత్రలు వారానికి రెండు రోజులు మించి నెలల తరబడి వాడితే తల వాటికి అలవాటు పడిపోతుంది. మందు దిగిపోగానే నొప్పి పుడుతుంది. మీరు మళ్లీ వేసుకుంటారు. ముందు ఆ రెండోదాన్ని వదిలిద్దాం. మొదటిదాని సంగతి నేను చూసుకుంటాను."

ఆ తర్వాత ఆవిడ అడిగిన ప్రశ్నలకి నేను విసుక్కున్న మాట నిజం. వచ్చింది తలనొప్పికైతే గుండె గురించి అడుగుతున్నారేంటి అనుకున్నాను. గుండె నొప్పి ఎప్పుడైనా వచ్చిందా, ఇంట్లో ఎవరికైనా ఉందా, ఆయాసం ఉందా, నిద్రకో దిగులుకో ఏమైనా వాడుతున్నానా. రెండు చేతులకీ బీపీ చూశారు. ఈసీజీ తీయించారు. కంట్లో లైటు వేసి చాలాసేపు చూశారు. చివర్లో, "నెలసరి వాయిదా పడ్డానికి మాత్రలు వేసుకుంటారా?" అన్నారు.

మా ఆయన గోడ మీద క్యాలెండరు చూడ్డం మొదలుపెట్టారు. "పెళ్లిళ్లకీ వ్రతాలకీ అందరూ వేసుకునేవేనండి" అన్నాను.

"అందరికీ మెరుపులు కనిపించవమ్మా. మెరుపులతో వచ్చే ఈ నొప్పి ఉన్నవాళ్లకి కొన్ని హార్మోను మాత్రలు మంచివి కావు. మెదడులో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. ఇకమీదట నన్నడక్కుండా అలాంటివేవీ వేసుకోవద్దు."

రెండు మందులు రాశారు. ఒకటి రోజూ వేసుకునేది, నొప్పులు తరచు రాకుండా. రెండోది నొప్పి వచ్చినప్పుడు మాత్రమే. ఆ రెండోదాని గురించి నన్ను కూర్చోబెట్టి పాఠంలా చెప్పారు. మెరుపులు కనిపించేటప్పుడు కాదు, నొప్పి మొదలవగానే వేసుకోవాలి, ముదిరేదాకా ఆగకూడదు. ఒకటి వేసుకున్నాక పూర్తిగా తగ్గి మళ్లీ వస్తే, రెండు గంటలు దాటాకే రెండోది. అసలు తగ్గకపోతే ఆ నొప్పికి ఇంకోటి వేసుకుని లాభం లేదు. రోజుకి రెండు మించకూడదు, నెలలో తొమ్మిది రోజులు దాటకూడదు. మాట తడబడినా, చెయ్యి పట్టు తప్పినా, ఇంతకుముందెన్నడూ ఎరగని నొప్పి ఒక్కసారిగా విరుచుకుపడినా మాత్ర ముట్టుకోకుండా ఆసుపత్రికి రావాలి. అన్నీ నా చేత తిరిగి చెప్పించుకున్నారు. తొమ్మిది రోజుల మాట దగ్గర తప్పు చెప్తే మళ్లీ మొదట్నుంచి చెప్పించారు.

పాత మాత్రలు మానేసిన మొదటి పది రోజులూ ఎలా గడిచాయో ఇప్పటికీ పూర్తిగా గుర్తులేదు. తల పగిలిపోయేది. చేతులు వణికేవి. మా అత్తయ్యగారు గుమ్మంలో నిలబడి, "తగ్గించడానికి వెళ్లి పెంచుకొచ్చారేంట్రా" అని కొడుకుని నిలదీసేవారు. ఆయన డాక్టరు గారికి ఫోను చేస్తే, "ఇది ముందే చెప్పాను కదండీ, తట్టుకుని నిలబడమనండి" అన్నారట. నిలబడ్డాను. మూడో వారంలో ఒక పొద్దున్న లేచి మంచం మీద కూర్చున్నాను. ఏదో తేడాగా ఉంది. ఏంటా అని వెతుక్కుంటే, తలలో ఏమీ లేదు. అంతే తేడా.

కొత్త మాత్ర మొదటిసారి వేసుకున్న రోజు చెప్పితీరాలి. మామిడి అంట్లు కడుతున్నాం. మెరుపు వచ్చింది. డాక్టరు గారు చెప్పినట్టే ఆగాను. మెరుపు చల్లారి కణతలో మొదటి పోటు పడగానే మింగి, షెడ్డు నీడలో కళ్లు మూసుకుని కూర్చున్నాను. గంటన్నర తర్వాత లేచి కత్తి పట్టుకున్నాను. ఆ రోజు నలభై అంట్లు కట్టాను. నా చేత్తో కట్టిన అంట్లన్నిట్లోకీ అవే బాగా అతుక్కున్నాయని ఇప్పటికీ నా నమ్మకం.

ఆ సంబరంలోనే పెద్ద తప్పు చేశాను.

మా నర్సరీలో అంట్లు కట్టడంలో అందరికంటే పనిమంతురాలు ఒకావిడ. యాభై అయిదేళ్లుంటాయి. గోదావరి ఒడ్డున చేపలు పట్టే కుటుంబం. వేట పలచబడ్డాక మా దగ్గర పనికొచ్చింది. "చేప పొలుసు గీకిన చెయ్యి కదండి, కత్తి చెప్పినట్టు వింటది" అనేది. నేను అంటు కట్టడం నేర్చుకుందే ఆవిడ పక్కన కూర్చుని.

ఒక మధ్యాహ్నం ఆవిడ తల పట్టుకుని గట్టు మీద కూలబడింది. "తల పగిలిపోతందండి అమ్మగారు. మెడంతా పట్టేసింది." నేను వెనకాముందూ ఆలోచించలేదు. నన్ను పదేళ్ల నరకం నుంచి బయటపడేసిన మాత్ర నా దగ్గరుంది. ఎదురుగా నా గురువులాంటి మనిషి బాధపడుతోంది. కొంగు ముడి విప్పి, స్ట్రిప్పులోంచి ఒకటి తీసి చేతిలో పెట్టి, నీళ్లు కూడా నేనే అందించాను. "ఇది చాలా మంచిది, గంటలో చూడు" అన్నాను. షాపతను నాకు చెప్పినట్టే.

గంట కాలేదు. ఆవిడ చెయ్యి గుండెల మీదికి వెళ్లింది. "గుండెల మీద ఎవరో కూర్చున్నట్టుందండి. దవడలు లాగేత్తన్నాయి."

మొహమంతా చెమట. ఆ క్షణంలో డాక్టరు గారు నన్నడిగిన ప్రశ్నలు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. గుండె నొప్పి వచ్చిందా, బీపీ ఉందా, ఏమైనా వాడుతున్నారా. వాటిలో ఒక్కటి కూడా నేను ఈవిణ్ణి అడగలేదు. ఆటో పిలిచి ఒళ్లో పడుకోబెట్టుకుని రాజమండ్రి తీసుకెళ్లాను. దారంతా ఆవిడే నాకు ధైర్యం చెప్పింది.

ఆసుపత్రిలో చిన్న వయసు డాక్టరు. "ఏం మాత్ర వేసుకుంది?" అని అడిగాడు. కొంగులో ఉన్న స్ట్రిప్పు తీసి చూపించాను.

"ఇది ఈవిడకి ఎవరు రాశారండి?"

"ఎవరూ రాయలేదండి. నాకు రాశారు. నేనిచ్చాను."

అతను నన్ను తిట్టలేదు. లోపలికి వెళ్లిపోయాడు. సాయంత్రం దాకా ఉంచుకుని రెండుసార్లు ఈసీజీ తీశారు, రక్తం పరీక్ష చేశారు. దేవుడి దయవల్ల గుండెకి ఏమీ కాలేదు. కానీ బీపీ చాలా ఎక్కువ ఉంది. రెండేళ్ల కిందట ఎవరో క్యాంపులో చూసి మాత్రలు మొదలుపెట్టమన్నారట, నెల వాడి బాగానే ఉందని మానేసిందట. "ఈ మందు రక్తనాళాల్ని బిగిస్తుందండి. బీపీ అదుపులో లేనివాళ్లకీ గుండె జబ్బున్నవాళ్లకీ ఇవ్వకూడదు. ఈవిడ అదృష్టం బాగుంది" అన్నాడా డాక్టరు.

తిరిగొచ్చేటప్పుడు ఆవిడ నా భుజం తట్టి, "మీరు మంచికే ఇచ్చారు లెండి" అంది. తిట్టినా అంత బాధపడేదాన్ని కాదు.

మర్నాడు ఒక్కదాన్నే బస్సెక్కి మా డాక్టరు గారి దగ్గరికి వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆవిడ అంతా విని, "మీ చీటీ మీద ఎవరి పేరుందమ్మా?" అన్నారు.

"నాదేనండి."

"మీకు రాసేముందు నేనెంతసేపు తీసుకున్నాను?"

"గంట దాకా పట్టిందండి."

"మీరు ఆవిడకి ఎంతసేపట్లో ఇచ్చారు?"

సంచిలోంచి చీటీ తీసి, దాని మీద నా పేరు ఇంకోసారి చదువుకున్నాను.

అప్పట్నుంచి నాకంటూ ఒక పద్ధతి పెట్టుకున్నాను. నొప్పి మాత్రలు కొంగు ముడిలో ఉండవు, మూత బిగుతుగా ఉన్న చిన్న స్టీలు డబ్బాలో, చీటీతో సహా ఉంటాయి. వంటింటి క్యాలెండరు మీద మాత్ర వేసుకున్న రోజున ఎర్ర పెన్నుతో గీత. నొప్పి వచ్చి మాత్ర వేసుకోని రోజున నీలం గీత. ఒక వేసవిలో ఇరవయ్యో తారీకుకే ఎనిమిది ఎర్ర గీతలు పడ్డాయి. పాత నేనైతే క్యాలెండరు చూడ్డం మానేసేదాన్ని. డాక్టరు గారికి ఫోను చేశాను. పిలిచి రోజూ వేసుకునే మందు మోతాదు మార్చారు, ఎండ తెల్లగా కొట్టే పాలిథీన్ షెడ్ల కింద టోపీ, నల్ల కళ్లద్దాలు లేకుండా తిరగొద్దన్నారు. మా పనివాళ్లు కళ్లద్దాలు చూసి వారం రోజులు నవ్వుకున్నారు. పై నెలలో మూడు గీతలే పడ్డాయి. అంట్లు కట్టే ఆవిడ ఇప్పుడు బీపీ మాత్ర మా ఇంటి గడియారం కింద పెట్టుకుని, పనిలోకి దిగేముందు నా ఎదురుగా వేసుకుంటుంది. మాత్రలు ఆవిడవే, ఆవిడకి రాసినవే.

రెండేళ్ల కిందట కార్తీకమాసంలో అందరం అన్నవరం వెళ్లాం. కారులో మా ఆయన, నేను, అత్తయ్యగారు, తణుకు నుంచి వచ్చిన మా వదినగారు. ఆవిడ మా ఆయనకి పెద్దక్క, అరవై రెండేళ్లు. అప్పటికి ఏడాది ముందే గుండెకి స్టెంటు వేశారు. ఇంట్లో ఆవిడ మాటంటే మాటే. నా పెళ్లైన కొత్తలో నాకు చీర కట్టుకోవడం కూడా రాదని పదిమందిలో అన్న మనిషి, నా కాన్పుకి నెల రోజులు ఇంటి పని వదిలి నా మంచం పక్కన ఉన్న మనిషి కూడా ఆవిడే.

వ్రతం అయ్యేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. మెట్ల పక్కన నీడలో కూర్చున్నాం. వదినగారు తల రెండు చేతులా పట్టుకున్నారు.

"అబ్బ, తల బద్దలైపోతోంది. అమ్మాయ్, నీ దగ్గర ఆ మాత్ర ఉందిగా, ఒకటివ్వు. నువ్వేసుకుంటే గంటలో లేచి కూర్చుంటావంటగా."

"అది మీకు ఇవ్వనండి వదినగారూ."

ఆవిడ తలెత్తి చూశారు. "ఏంటీ?"

"మీకు స్టెంటు ఉంది. గుండె జబ్బున్నవాళ్లు అది వేసుకోకూడదండి."

"తలనొప్పికీ గుండెకీ సంబంధం ఏంటే? నొప్పి తలలో ఉంది."

"మందు తల దగ్గరే ఆగిపోదండి. ఒళ్లంతా తిరుగుద్ది."

అత్తయ్యగారు కల్పించుకున్నారు. "ఒక్క మాత్రకి ఏమైపోద్దే? స్వామి కొండ మీద ఉన్నాం. అడిగి ఇప్పించుకోవాలా ఆడపడుచు?"

మా ఆయన నా వైపు చూసి, గొంతు తగ్గించి, "పోనీ సగం ముక్క?" అన్నారు.

"సగం కూడా ఇవ్వను" అన్నాను. గొంతు పెంచలేదు. చేతిలో సంచి మాత్రం ఒళ్లోకి లాక్కున్నాను.

వదినగారి కళ్లలో నీళ్లు తిరిగాయి. నొప్పికో, పరువు పోయినందుకో. "దాచుకోవే. బంగారమనుకుని దాచుకో."

ఆ మాట నాకు తగిలింది. అయినా ఆవిడ ఎదురుగా కింద కూర్చున్నాను. "ఇలాంటి నొప్పి ఇదివరకు వచ్చిందా అండి?" "ఎప్పుడూ రాలేదు." "రెండు చేతులూ ఓసారి పైకెత్తండి." కోపంగానే ఎత్తారు, రెండూ సమానంగా లేచాయి. మాట స్పష్టంగానే ఉంది, నన్ను తిట్టినప్పుడే తెలిసింది. "పొద్దున్న బీపీ మాత్రలు వేసుకున్నారా?"

ఆవిడ అత్తయ్యగారి వైపు చూశారు. అత్తయ్యగారు, "ఉపవాసం కదే, ప్రసాదం తిన్నాక వేసుకుంటానంది" అన్నారు.

"నిన్న?"

"ప్రయాణం హడావిడిలో మర్చిపోయా" అన్నారు వదినగారు, ఈసారి నెమ్మదిగా.

ఇంక ఆగలేదు. మా ఆయన్ని కారు తేవడానికి పంపించి, ఆవిణ్ణి పట్టుకుని కొండ మీదే ఉన్న వైద్యం గదికి నడిపించాను. అక్కడ నర్సు బీపీ చూసి, మళ్లీ ఇంకో చేతికి చూసింది. పై అంకె రెండొందలకి దగ్గరగా ఉంది. వెంటనే కింద ఆసుపత్రికి వెళ్లమన్నారు. ఆసుపత్రిలో డాక్టరు స్టెంటు మాట వినగానే అడిగిన మొదటి ప్రశ్న, "నొప్పికి ఏమైనా మాత్ర ఇచ్చారా?"

"ఏమీ ఇవ్వలేదండి" అన్నాను.

జీవితంలో నేను చెప్పిన జవాబుల్లో నాకు బాగా నచ్చినది అదే.

ఈసీజీ తీశారు, బీపీ నెమ్మదిగా దించారు, సాయంత్రానికి ఆవిడ తల తేలికపడింది. మందులు మానకూడదనీ, ఉపవాసమైనా నీళ్లతో మాత్ర వేసుకోవాలనీ, వీలుకాదనిపిస్తే ముందే డాక్టర్ని అడగాలనీ గట్టిగా చెప్పారు. అంతా బాగానే అయింది. వదినగారు మాత్రం నాతో మాట్లాడలేదు. తిరుగు ప్రయాణంలో ప్రసాదం నేనిస్తే తీసుకోలేదు, అత్తయ్యగారి చేతి నుంచి తీసుకున్నారు. నేను చేసింది సరైనదని ఆవిడకి తెలుసు. నలుగురిలో కాదన్నాననే ఆవిడ కోపం. అయిదు నెలలు ఫోను చేసినా తమ్ముడితో మాట్లాడి పెట్టేసేవారు. నేనూ బతిమాలలేదు. మళ్లీ అడిగితే మళ్లీ అదే చెప్తాను కాబట్టి, క్షమించమనడానికి నా దగ్గర ఏమీ లేదు.

అత్తయ్యగారు ఒక్కసారి, పప్పు ఏరుకుంటూ, నా మొహం చూడకుండా, "ఆ రోజు నేను ఇచ్చెయ్యమన్నానే" అన్నారు. "పర్లేదండి" అన్నాను. ఆ సంగతి అక్కడితో సరి.

వేసవి మొదట్లో ఒక రోజు పొద్దున్నే వదినగారు బస్సు దిగి నేరుగా నర్సరీలోకి వచ్చారు. మేడ మీద పెట్టుకోవడానికి మల్లె, కనకాంబరం మొక్కలు కావాలన్నారు. మడులన్నీ తిరిగి, కొమ్మ కొమ్మా వంచి చూసి, ఒక్కటీ తీసుకోకుండా షెడ్డులోకి వచ్చి నా ముందు బల్ల మీద ఒక ప్లాస్టిక్ డబ్బా పెట్టారు. నిండా మాత్రలు.

"ఇందులో ఏది ఎందుకో నాకు తెలీట్లేదు. నువ్వు చూడు."

"నేను డాక్టర్ని కాదండి వదినగారూ."

"ఆ రోజు కొండ మీద అయ్యావుగా."

ఇద్దరం నవ్వాం. నవ్వాక ఆవిడ స్టూలు లాక్కుని నా పక్కన కూర్చున్నారు. ఒక్కో స్ట్రిప్పూ తీసి, పేరు చదివి, ఆవిడ ఎప్పుడు వేసుకుంటున్నారో అడిగి కాగితం మీద రాశాను. రెండింటికి గడువు దాటిపోయింది. ఇంకో రెండు స్ట్రిప్పుల మీద కంపెనీ పేర్లు వేరు, కింద చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు మాత్రం ఒకటే. షాపులో ఒకటి లేదని ఇంకో కంపెనీది ఇచ్చారట, తర్వాత మొదటిదీ దొరికిందని రెండూ వేసుకుంటున్నారు.

"అయితే ఒకటి మానెయ్యనా?"

"నేను చెప్పకూడదండి. ఇప్పుడే ఫోను చేద్దాం."

ఆవిడ గుండె డాక్టరు గారి ఆసుపత్రికి ఫోను చేస్తే, ఆ రెండింట్లో ఒకటే వేసుకోమని, మర్నాడు డబ్బా మొత్తం తీసుకుని రమ్మన్నారు. ఇద్దరం కలిసే వెళ్లాం. డాక్టరు గారు నా కాగితం పక్కన పెట్టుకుని మాత్రలన్నీ వరుసగా చూశారు. అక్కర్లేనివి పక్కకి తీసేశారు. అన్నీ అయ్యాక, "ఇవి కాకుండా ఇంకేమైనా వాడుతున్నారాండి?" అన్నారు.

"లేదండి" అన్నారు వదినగారు.

నేను ఆవిడ వైపు తిరిగాను. ఆవిడ చేతిసంచి జిప్పు తీసి, అడుగునుంచి రబ్బరుబ్యాండు చుట్టిన ఒక పొట్లం బయటికి తీశారు.

"ఇది మందు కాదండి, పొడి. మోకాళ్లకి. బస్టాండులో ఒకాయన ఇస్తాడు."

డాక్టరు గారు పొట్లం విప్పి వాసన చూసి, "ఎన్నాళ్ల నుంచండి?" అన్నారు.

"ఏడాదైందండి. మా ఆయనక్కూడా తెలీదు."

ఇందులో ఏం కలుపుతారో తెలీదనీ, గుండె మందులు వాడేవాళ్లు ఇది ముట్టుకోవద్దనీ చెప్పి ఆయన పొట్లం తన దగ్గరే ఉంచుకున్నారు. మోకాళ్లకి వేరే డాక్టరు దగ్గరికి చీటీ రాసిచ్చారు. బయటికొచ్చాక వదినగారు ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని, కొత్త మందుల కాగితం నా చేతికిచ్చి, కొంగుతో మొహం తుడుచుకుంటూ అన్నారు.

"చదువు. మెల్లగా చదువు. నేను తిరిగి చెప్తా, తప్పులుంటే దిద్దు."